ఇరవై రూపాయల చుట్టైనా, నూట యాభై సిగారైనా: కొనడం, కాల్చడం, అసలు రేటు తేల్చడం

మా ఊరు కందుకూరు దగ్గర. చిన్నప్పుడు మా ఇంటి వెనకే పొగాకు బ్యారన్, అంటే పచ్చాకును పొయ్యి వేడికి ఆరబెట్టే కొట్టు, ఉండేది. పచ్చాకును కర్రలకు కట్టి లోపల ఎక్కించాక, వారం రోజుల పాటు పొయ్యి ఆరకుండా నాయన రాత్రిళ్లు అక్కడే పడుకునేవాడు. ఇంత ఆకు మధ్య పెరిగాను కదా, చుట్టల గురించి నాకు ఒకరు చెప్పేదేముంది అనుకున్నాను. తీరా చూస్తే మా బ్యారన్‌లో ఆరిన ఆకు చుట్టకు పనికిరాదు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, ఇటు నెల్లూరు వైపు కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు వచ్చే వర్జీనియా రకం పొగాకంతా సిగరెట్లకు పోయేదే.

తేడా ఆరబెట్టడంలో ఉంది. బ్యారన్ వేడికి ఆకు త్వరగా ఎండిపోతుంది, అందులోని చక్కెర అలాగే ఉండిపోతుంది. ఆ పొగ కాస్త పులుపు స్వభావం కలది, ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే తప్ప నికోటిన్ సరిగా ఎక్కదు. చుట్ట ఆకును గాలికో ఎండకో నిదానంగా ఆరబెట్టి, తర్వాత కుప్పలు వేసి మాగబెడతారు. చక్కెర దాదాపు పోతుంది. ఆ పొగ క్షార స్వభావంతో ఉంటుంది కాబట్టి, నోట్లో తిప్పి వదిలినా చెంప లోపలి పొర గుండా నికోటిన్ ఒంట్లోకి వెళ్లిపోతుంది. చుట్టను సిగరెట్‌లా గుండెల్లోకి పీల్చకూడదనేది అందుకే.

పీల్చడం లేదు కదా, ఇంక భయమేముంది అనుకునేవాళ్లకు ఇక్కడే ఒక మాట. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు చుట్ట కారణమవుతుందని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. పెద్ద సిగార్ ఒక్కదాంట్లోనే ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండొచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి వైద్య పుస్తకాల్లోనే ఉంది. కాబట్టి అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టకండి. మానేద్దామనుకునేవాళ్లకు 1800-11-2356 అని కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరుంది. ఎలాగూ కాలుస్తున్న పెద్దవాళ్ల కోసమే ఈ మిగతాదంతా.

ముందు మూడు రకాలు వేరు చేసుకోండి

మన వైపు చవకగా దొరికేవి మూడు రకాలు. మొదటిది కిరాణా కొట్లో కట్టలుగా దొరికే నాటు చుట్ట. గోదావరి లంక పొగాకో, నాటు పొగాకో వాడి చేత్తో చుట్టింది. రెండు చివరలూ తెరిచే ఉంటాయి, కోయాల్సిన పని లేదు. తిరుచిరాపల్లి చుట్టలూ ఈ జాతివే. ఇంగ్లీషువాళ్లు వాడే చెరూట్ అనే మాట కూడా తమిళ ‘సురుట్టు’ నుంచి పుట్టిందే.

రెండోది మిషన్ మీద చుట్టిన చిన్న సిగార్. ఎప్పుడు కొన్నా ఒకే కొలత, ఒకే రుచి. కాకపోతే చాలా వాటి మీద కనిపించేది అసలు ఆకు కాదు. పొగాకు పొడిని, ఈనెల ముక్కలను జిగురుతో కలిపి కాగితంలా పరిచిన రేకు. అట్ట మీద అందమైన బొమ్మ ఉంటుంది, ఈ సంగతి మాత్రం ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండదు.

మూడోది చేత్తో చుట్టిన విదేశీ సిగార్లలో చవక రకం. నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్ లాంటి చోట్ల నుంచి వస్తాయి. ఖరీదైన సిగార్లలో లోపల నిలువాటి ఆకులు మడిచి పెడతారు. చవక వాటిలో ఆ ఆకులు కోయగా మిగిలిన తరుగు నింపుతారు, కొన్నిట్లో రెండూ కలుపుతారు. తరుగు అంటే చెత్త అని కాదు, మంచి ఆకు తరుగు మంచిగానే ఉంటుంది. కాకపోతే త్వరగా కాలుతుంది, వేడెక్కుతుంది, పీల్చినప్పుడు నాలుక మీదికి పొడి వస్తుంది. ‘నిలువాకు’ అని చెప్పి తరుగు అంటగట్టారో లేదో తెలుసుకోవడం తేలిక. కాల్చిన తర్వాత నుసి చూడండి. అంగుళం దాకా గట్టిగా నిలిస్తే నిలువాకు, రేకులు రేకులుగా చొక్కా మీద రాలితే తరుగు. ఒక సిగార్‌ను బలి చేయగలిగితే బ్లేడుతో నిలువునా చీల్చి చూసుకోండి, ఇంక అనుమానమే ఉండదు.

కొట్లో వేలితో చూడాల్సినవి

మా ఊళ్లో గ్రేడింగ్ షెడ్డులో ఒక పెద్దామె ఉండేది. కళ్లు సరిగా కనిపించకపోయినా, ఆకును వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి ఏ గ్రేడో చెప్పేది. నేను ‘ఎట్టా చెప్తున్నావ్ అవ్వా’ అంటే, ‘చూసేదానికి ఏముంది అబ్బయ్యా, ఆకే చెప్తది’ అనేది. చుట్టకూ అదే పద్ధతి. బొటనవేలు, చూపుడువేలి మధ్య పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నెమ్మదిగా నొక్కుతూ పోండి. ఎక్కడా గట్టి ముడి తగలకూడదు, ఎక్కడా బుస్సుమని లోపలికి పోకూడదు. ముడి ఉంటే పొగ రాదు. మెత్తటి గుంట ఉంటే అక్కడ నిప్పు పరుగెత్తుతుంది. చెవి దగ్గర పెట్టి నొక్కినప్పుడు అప్పడంలా చిటపటలాడితే ఎండిపోయిందని అర్థం.

తర్వాత పై ఆకు చూడండి. రంగు ముదురా లేతా అన్నదాంతో ఘాటు తేలదు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. లావుపాటి ఈనెలు, పగుళ్లు, గుండుసూది తల అంత రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. రంధ్రం ఉందంటే పురుగు పట్టింది, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. వాసన చూడండి. గడ్డివామి వాసన, ఎండు ఖర్జూరం వాసన, కొంచెం పశువుల కొట్టం వాసన, ఇవన్నీ మంచివే. అమ్మోనియా ముక్కుకు కొడితే సరిగా మాగలేదని. ముక్క వాసన వస్తే బూజు.

డబ్బా మీద 85 శాతం మేర ఉండాల్సిన బొమ్మ హెచ్చరిక, ఎమ్మార్పీ లేకపోతే అది దొంగసరుకు. అందులో ఏముందో, ఎన్నాళ్లు ఏ గోదాములో పడుందో ఎవరికీ తెలియదు.

ఎప్పుడూ ఒక్కటి కొని తీర్పు చెప్పకండి. చేత్తో చుట్టిన సరుకులో ఒకటి బాగుండి ఇంకొకటి బాగుండకపోవడం మామూలే. ఐదు కొనండి. మొదటిసారే ఇరవై ఐదు కూడా కొనకండి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో తగ్గింపు రేటని ఇరవై ఐదు తెప్పించాను. రోహిణి కార్తెలో వచ్చాయి. ఏ వ్యానులో ఎన్ని రోజులు ఎండకు మాడాయో, పెట్టె తెరిచేసరికి పై ఆకులు వరిగడ్డిలా ఉన్నాయి. అమ్మినవాళ్లు ‘వాతావరణం సార్’ అన్నారు. అందులో తొమ్మిది మాత్రం మిగిలాయి.

ఇంటికి తెచ్చాక: అసలు పని ఇదే

చవక సిగార్ రుచిని సగం పైన మార్చేది దాచే పద్ధతి. బ్యారన్ దగ్గర పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆకు ఆరడం పూర్తయ్యాక వెంటనే దించరు, దించితే పొడిపొడి అయిపోతుంది. తలుపులు తెరిచి రాత్రి మంచుగాలి తగలనిస్తారు. తెల్లవారుజామున ఆకు మెత్తబడి, పిడికిట్లో నలిపినా చిట్లకుండా ఉన్నప్పుడు దించుతారు. సిగార్‌కు కావాల్సిందీ సరిగ్గా ఆ మెత్తదనమే. లెక్కలో చెప్పాలంటే గాల్లో 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి.

మనకు ఆ వేడి ఏసీ గదిలో తప్ప దొరకదు. తేమ సంగతి ఇంకా విచిత్రం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలకు నెల్లూరులో గోడలే చెమర్చుతాయి, మేలో పడమటి గాలికి పెదవులు పగులుతాయి. కాబట్టి వేల రూపాయలు పోసి చెక్కపెట్టె కొనడం మన వాతావరణంలో డబ్బు దండగ. గాలి చొరబడని వత్తుడు మూత ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో 65 శాతం తేమ నిలిపే ప్యాకెట్ ఒకటి, చిన్న తేమ మీటర్ ఒకటి పెట్టండి. డబ్బాను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి మూల, మంచం కిందో అల్మారా కింది అరలోనో ఉంచండి. వంటగదిలో వద్దు, ఇంగువ, కారప్పొడి వాసన పట్టేస్తుంది.

చవక మీటర్లు అబద్ధాలు చెబుతాయి. సరిచూసుకునే పద్ధతికి రూపాయి ఖర్చు కాదు. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్ల చుక్కలు వేయండి. ఇస్కపల్లి కల్లుప్పు నూరుకున్నా సరే. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటర్‌ను ఒక డబ్బాలో పెట్టి గట్టిగా మూసి, రాత్రంతా వదిలేయండి. తడి ఉప్పు మీద గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీ మీటర్ 71 చూపిస్తే, ఇక నుంచి అది చెప్పేదానికి నాలుగు కలుపుకోండి.

తడి దూది, ఆపిల్ ముక్క, బంగాళదుంప తొక్క పెట్టమని సలహాలు వస్తాయి. నేను ఒకసారి కమలా తొక్క పెట్టాను. మూడో రోజుకు దాని మీద, ఐదో రోజుకు సిగార్ల మీద పచ్చటి నూగు బూజు.

కొత్తగా తెచ్చినవి కనీసం రెండు వారాలు డబ్బాలో కదపకుండా ఉంచండి. బాగా ఎండినవైతే నెల. తొందరపడి తడి గుడ్డలో చుడితే లోపల ఆకు ఉబ్బి పై ఆకు చీలుతుంది. నాటు చుట్టలకు ఇదంతా అక్కర్లేదు. అవి పొడిగానే కాల్చే రకం, కాగితం పెట్టెలో పెట్టుకున్నా నడుస్తుంది, వానాకాలంలో మాత్రం మూత పెట్టాలి.

ఇక పురుగు. పొగాకు తినే చిన్న గోధుమరంగు ముక్కపురుగు ఒకటుంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే ఆకులో దాగిన గుడ్లు పొదగడం మొదలవుతుంది, మన ఇళ్లలో ఏడాదంతా దాటే ఉంటుంది. డబ్బా అడుగున గోధుమరంగు పొడి కనిపిస్తే రంధ్రం పడినవి పారేసి, మిగతావాటిని రెండు పాలిథిన్ కవర్లలో గాలి తీసి కట్టి, మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తర్వాత ఒక రోజు కింది ఫ్రిజ్‌లో, ఆ తర్వాత బయటికి. నేరుగా బయటికి తీస్తే పై ఆకు పగులుతుంది. ఇంట్లో ఒప్పించుకోవడం మీ పని.

కోయడం, వెలిగించడం

నాటు చుట్టకు కోత లేదు. సిగార్‌కు నోట్లో పెట్టుకునే కొన మీద టోపీలా చిన్న ఆకు ముక్క అతికించి ఉంటుంది. కొంచెం తడి చేసి, కొత్త బ్లేడుతో రెండు మిల్లీమీటర్లకు మించకుండా కోయండి. టోపీ అంచు దాటి కిందికి కోస్తే పై ఆకు ఊడిపోతుంది. పళ్లతో కొరకడం తెర మీద బాగుంటుంది. కోశాక వెలిగించకుండానే ఒకసారి పీల్చి చూడండి. స్ట్రాతో మజ్జిగ తాగినంత తేలికగా గాలి రావాలి.

పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి, కిరసనాయిలు దీపం వద్దు, వాసన చివరిదాకా వదలదు. అగ్గిపుల్ల మంచిదే, తల మందు పూర్తిగా కాలిపోయాక దగ్గరికి తీసుకురండి. మంటను ఆకుకు తగిలించకుండా అర అంగుళం కింద పట్టి, చివరను తిప్పుతూ అంచు చుట్టూ ఎర్రబడేదాకా కాచాలి. అప్పుడే మెల్లగా పీల్చాలి. చుట్టూ సమానంగా అంటుకోకపోతే తర్వాత ఒక పక్కే కాలుతూ పడవలా తయారవుతుంది. కొత్తపట్నం, మైపాడు బీచ్‌ల దగ్గర సరదాగా వెలిగిస్తారు కానీ, సముద్రపు గాలికి సిగార్ వేడెక్కి చేదెక్కుతుంది. మిద్దె మీద గోడ చాటు చాలా నయం. బహిరంగ స్థలాల్లో పొగ తాగడం దేశమంతా నిషేధం, కేంద్ర చట్టం ప్రకారం 200 రూపాయల దాకా జరిమానా. ఇంట్లో పిల్లలుంటే మిద్దె తప్ప ఇంకో చోటు ఆలోచించకండి.

కాల్చడం

ఖాళీ కడుపుతో వద్దు. అన్నం తిన్నాక అరగంట ఆగండి. తడి పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది నికోటిన్ చర్మం గుండా ఎక్కడం వల్లే. చుట్ట తొందరగా కాల్చేవాళ్లకూ అదే జరుగుతుంది. చెమటలు పట్టి కడుపులో తిప్పితే చుట్ట పక్కన పెట్టి, బెల్లం ముక్క నోట్లో వేసుకుని కూర్చోండి. కాసేపటికి తగ్గుతుంది.

నిమిషానికి ఒక్క దమ్ము, అంతే. చవక రకాలకు ఈ నియమం ఇంకా ముఖ్యం, ఎందుకంటే తరుగు నింపినవి త్వరగా వేడెక్కుతాయి, వేడెక్కితే ఎంత మంచి ఆకైనా చేదే. నూట యాభైది కూడా గబగబా లాగితే ఇరవై రూపాయల రుచే వస్తుంది. నుసిని తట్టకండి, అంగుళం అయ్యాక దానంతటదే రాలనివ్వండి. ఆరిపోతే నుసి దులిపి, సిగార్‌లోకి ఒకసారి ఊది లోపలి పాత పొగ తీసేసి, మళ్లీ వెలిగించండి. గంట దాటితే వదిలేయడం మంచిది, పుల్లటి కంపు వస్తుంది.

పొగ రాకపోతే ముడి ఉన్న చోటు వేలితో పట్టుకుని, సన్నటి సైకిల్ స్పోక్‌ను మధ్యగా గుచ్చి తిప్పి తీయండి. పై ఆకు చీలితే గోరంత మైదా జిగురు రాసి, వేలితో నిమిషం పట్టుకోండి. ఒక పక్కే కాలుతుంటే, వెనకబడిన వైపుకు అగ్గిపుల్ల చూపించండి.

మాటిమాటికీ ఆరిపోయేవాటి సంగతి వేరు. రెండు కారణాలుంటాయి. ఒకటి తడి. రెండోది ఆకులోనే ఉప్పు. మా వైపు రైతులందరికీ తెలుసు: ఉప్పు బావి నీళ్లు పెట్టిన తోటలో ఆకుకు క్లోరైడ్ ఎక్కితే అది సరిగా కాలదు, నల్లగా మాడి ఆరిపోతుంది. కొనేవాళ్లూ అది పట్టేస్తారు. మీ సిగార్‌ది ఏ జబ్బో తేల్చడానికి, అదే కట్టలోంచి ఒకటి తీసి రెండు రోజులు డబ్బా బయట ఆరనిచ్చి కాల్చండి. బాగా కాలితే తప్పు మీ డబ్బాది. అప్పటికీ ఆరిపోతుంటే తప్పు ఆకుది, ఆ రకం మళ్లీ కొనకండి.

అయిపోయాక నలపకండి. ఇసుక పోసిన చిప్పలో పడేస్తే దానంతటదే చస్తుంది, కంపు తక్కువ. గడ్డివాముల పక్కన కాల్చేవాళ్లు మాత్రం పీక మీద నీళ్లు పోసి, చేత్తో తాకి చూసి కదలండి.

రేటు తేల్చడం

ఇందుకే ఇంత దూరం వచ్చాం. డబ్బా మీద రాసింది ధర, అంతే. మీకు పడిన రేటు వేరు. నేను చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవి నాలుగే: ఎంత పెట్టాను, ఎన్ని నిమిషాలు ఇష్టంగా కాల్చాను, ఎక్కడ పారేశాను, ఎన్ని చెడిపోయాయి. ‘ఇష్టంగా’ అన్న మాట ముఖ్యం. డబ్బులు పెట్టాం కదా అని వేళ్లు కాలేదాకా లాగిన చివరి పది నిమిషాలు లెక్కలోకి రావు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. నాటు చుట్ట 20 రూపాయలు, 12 నిమిషాలు. మిషన్ సిగార్ 90 రూపాయలు, పాతిక నిమిషాలు వస్తుంది కానీ పదిహేనో నిమిషానికే మాడు రుచి వచ్చి పారేశాను. చేత్తో చుట్టింది 150, నలభై నిమిషాలు. నాటు చుట్ట నిమిషానికి 1 రూపాయి 67 పైసలు, మిషన్‌ది 6 రూపాయలు, చేతిది 3 రూపాయల 75 పైసలు. మిషన్‌ది పాతిక నిమిషాలకు లెక్కేస్తే 3 రూపాయల 60 పైసలే, అన్నిటికీ మధ్యస్థంగా కనిపించేది. సగంలో పారేసినది రేటును ఎంత పెంచిందో చూడండి.

ఇప్పుడు చెడినవి కలపండి. పది నాటు చుట్టల కట్టలో మూడు పొగ రానివి. 200 రూపాయలకు ఏడు పన్నెండ్లు, 84 నిమిషాలు. నిమిషానికి 2 రూపాయల 38 పైసలు అయింది. చేతివి ఐదింట్లో ఒకటి బిగుసుకుపోయింది. 750 రూపాయలకు 160 నిమిషాలు, 4 రూపాయల 69 పైసలు. మిషన్‌వి సాధారణంగా చెడవు, 6 రూపాయలు 6 రూపాయలే. ఒక్కో రకంలో ఐదేసి, ఒకే వేళకు, ఒకే రకం భోజనం తర్వాత కాల్చి చూస్తేనే ఈ అంకెలకు అర్థం. మొదటిది పొద్దున కాఫీతో, రెండోది చేపల పులుసు తిన్నాక కాల్చి పోల్చకూడదు.

పక్కన ఒక ముక్కలో రుచి రాస్తాను. గొప్ప మాటలు అక్కర్లేదు. ‘వేయించిన వేరుశనగ పొట్టు’, ‘చివర మిరియం’, ‘తడి అట్ట’, ఇలా. ‘తడి అట్ట’ రెండుసార్లు వచ్చిన రకాన్ని మళ్లీ కొనలేదు.

నా పుస్తకంలో నెగ్గింది నాటు చుట్టే అని ఆ నెల ఉత్సాహంగా నాలుగు కట్టలు తెచ్చాను. చేతిలో ఉన్నాయి కదా అని రోజూ సాయంత్రం ఒకటి, కొన్ని రోజులు రెండు. అంతకు ముందు నెలలో చేతి సిగార్లు వారానికి ఒకటి చొప్పున నాలుగే, 600 రూపాయలు. నాలుగు కట్టలకు 800, పైగా గొంతు గరగర. మా ఆవిడ ఆ పేజీ తిరగేసి, ‘నిమిషానికి ఎంతో పైసలతో సహా రాశారు, నెలకు ఎంతో రాయలేదేం?’ అంది. పుస్తకంలో ఐదో గీత అప్పుడు గీశాను.